అందరికీ సరేనన్న మనిషి

ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ అంటే ఎదురుపడితే నమస్తే పెట్టి, మలుపు తిరిగాక తిట్టుకునే మనిషి. ఆ నమస్తేలూ ఆ తిట్లూ సమానంగా అందుకుంటూ బొంతపల్లి అవతల మందుల ముడిసరుకు చేసే ఒక కంపెనీలో రిటైరయ్యాను. ఈ మధ్య సేఫ్టీలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసుల అన్నిటికన్నా పెద్ద యాక్సిడెంట్ ఏది?" అని ఆశగా అడిగారు. పెద్ద యాక్సిడెంట్ కాకుండా చూడడమే కదరా మన ఉద్యోగం అంటే వాళ్ళ ముఖాలు చిన్నబోయాయి.

వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో మంటలు లేవు, పేలుళ్ళు లేవు. ఒక మనిషీ, ఒక తాళం, ఒక ఆస్పత్రి గదీ ఉన్నాయంతే. కానీ ఆ గదిలో గడిచిన ఆ పొద్దును తల్చుకుంటే ఇప్పటికీ నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేను. మా ఆవిడ అయితే "మళ్ళ మొదలువెట్టిండ్రా" అని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

మనిషి మా ఎలక్ట్రీషియన్. హత్నూర దగ్గరి పల్లె. తాతల నాటి భూమి ఉన్న కుటుంబం. భూమి అన్న చూసుకునేవాడు, తమ్ముడు ఫ్యాక్టరీకి వచ్చేవాడు. అన్న మాట ఇంట్లో శాసనం. ఏ పంట వేయాలన్నా, ఏ బర్రెను అమ్మాలన్నా, ఆఖరికి మా ఎలక్ట్రీషియన్ ఏ రంగు బండి కొనుక్కోవాలన్నా అన్నే చెప్పేవాడు, ఇతను తల ఊపేవాడు. నెమ్మది మనిషి. ముఖంలో గర్వంగా కనిపించేది ఒక్క మీసమే. దానికి మాత్రం రోజూ సేవ జరిగేది.

ఇక తాళం సంగతి. కొత్త పిల్లలకు తెలుసు, మిగతావాళ్ళ కోసం చెప్తాను. మందు కలిపే పెద్ద స్టీలు పాత్రలోకి మనిషి దిగి శుభ్రం చేయాల్సి వస్తుంది. లోపల రెక్కలు ఉంటాయి. ఆ సమయంలో బయట ఎవడైనా స్విచ్ వేశాడంటే లోపలి మనిషి దక్కడు. అందుకని కరెంటు ఆపి, ఆ స్విచ్‌కు ఎర్ర తాళం వేస్తారు. ఎవరి తాళం వాళ్ళది. దాని మీద వాళ్ళ ఫోటో ఉంటుంది, తాళంచెవి వాళ్ళ జేబులో ఉంటుంది. వేసినవాడే తీయాలి. ప్రొడక్షన్ మేనేజర్ గుండెలు బాదుకున్నా, ఆపై అధికారి కారు దిగి వచ్చి కేకలేసినా ఆ తాళం కదలదు. ఇంట్లో ఎన్నడూ నోరెత్తని మా ఎలక్ట్రీషియన్, ఆ ఎర్ర తాళం పట్టుకుని ఎంత పెద్దవాడినైనా గంటలకొద్దీ నిలబెట్టేవాడు. అరవడు, వాదించడు. తాళం వేసి పక్కన నిలబడి మీసం సవరించుకునేవాడు. నాకు అతనంటే ప్రాణం.

ఒకరోజు పొద్దున గేటు దగ్గర అతని మాట ముద్దగా వచ్చింది. తాగి వచ్చాడని సెక్యూరిటీవాళ్ళు నన్ను పిలిచారు. మిషన్లో ఊదించాం. సున్నా. మళ్ళీ ఊదించాం. మళ్ళీ సున్నా. "పంటి నొప్పేమో సారు" అన్నాడు నత్తిగా. వారాలు గడిచినా మాట తేటపడలేదు సరికదా, మంచినీళ్ళు తాగినా దగ్గు రావడం మొదలైంది.

ఆ రోజుల్లోనే ఇంకోటి జరిగింది. పాత్ర లోపల ఇద్దరు పని చేస్తున్నారు, నేను కాస్త దూరంలో ఉన్నాను. బీహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు సూపర్‌వైజర్ హడావిడిగా వచ్చి, "భయ్యా, చాలూ కర్ దూఁ?" అని అడిగాడు. స్విచ్ వేయనా అని. మా ఎలక్ట్రీషియన్ "ఊఁ" అని తల ఊపాడు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. సూపర్‌వైజర్ చెయ్యి స్విచ్ దాకా వెళ్ళింది. స్విచ్‌కు తాళం ఉంది. "ఖోలో భయ్యా", తాళం తియ్యి అని అతను అరిచాడు. మా ఎలక్ట్రీషియన్ మళ్ళీ "ఊఁ" అన్నాడు, కానీ చెయ్యి జేబు మీద అదిమి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపలివాళ్ళిద్దరూ బయటికి వచ్చి తమ తాళాలు తీసుకున్నాకే తనది తీశాడు. నేను సూపర్‌వైజర్‌ను చెడామడా తిట్టాను. మా వాడిని కూడా తిట్టాను, "ఊఁ అని ఎందుకన్నవ్ బే?" అని. అతను నవ్వాడు. ఆ నవ్వు అవసరానికి మించి సాగింది. దాని వెనక ఏముందో నాకప్పుడు తట్టలేదు.

పరీక్షలన్నీ అయ్యాక నగరంలోని ఆస్పత్రిలో పేరు చెప్పారు. మోటార్ న్యూరాన్ జబ్బు. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. ఇతనికి నాలుకతో, గొంతుతో మొదలైంది. చేతులకు ఇంకా కొంత బలం ఉంది. మాట పూర్తిగా పోయాక పలక ఇచ్చారు. మొదట్లో పలక నిండా రాసేవాడు. రానురాను రెండు మాటలు, ఆ తర్వాత ఒక్కటే మాట. "సరే."

మనిషి సగమయ్యాడు. తిన్న ముద్ద ఊపిరిగొట్టంలోకి పోయి కళ్ళు తేలేసేవాడు. డాక్టరమ్మ రెండు విషయాలు తేల్చమంది. ఒకటి, పొట్టకు చిన్న రంధ్రం పెట్టి గొట్టం వేయడం, తిండి అందులోంచి పోయడం. ఊపిరికి బలం ఉన్నప్పుడే అది చేయాలి, ఆలస్యమైతే అదే ప్రమాదం. రెండోది, రేపెప్పుడైనా ఊపిరి పూర్తిగా అందకపోతే మెడకు రంధ్రం పెట్టి మిషన్ తగిలించాలా, లేక ముఖానికి మాస్క్ పెట్టి ఆయాసం లేకుండా మాత్రం చూసుకోవాలా అన్నది. "ఇది ఆయన శరీరం. ఆయన్ని అడిగి చెప్పండి" అని పంపింది.

అడిగాం. అక్కడే ఉంది తమాషా!

మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళిన రోజు వరండాలో ముగ్గురం కలిశాం. నేను ఉత్సాహంగా చెప్పాను, "గొట్టానికి ఒప్పుకున్నడు, మెడ మిషన్ సంగతి తర్వాత చూద్దామంటే గూడ సరే అని రాసిండు. బీమా వాళ్ళతో మాట్లాడిన, బండి గూడ మాట్లాడిన."

అతని భార్య విస్తుపోయింది. "అదేంది సారు? ఏ కోతలు వద్దు, ఇంటికి తీస్కపోతే నేను మెల్లగ తినిపిస్త అంటే సరే అని రాసిండు కదా."

అన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "మీ ఇద్దరికి ఏం సమజ్ కాలే. పొట్టకు గొట్టం, మెడకు మిషన్, ఏదుంటే అది పెట్టియ్యాలె, తమ్ముడు బతకాలె. నిన్న నా ముంగట సరే అని రాసిండు. పలక ఫోటో గూడ తీసిన."

ముగ్గురి దగ్గరా మూడు సరేలు! ఒకదానితో ఒకటి పొసగదు. ముగ్గురం ఒకరినొకరు అబద్ధాలకోరులన్నట్టు చూసుకుంటూ లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ మా మాటలు విని, మా ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "పొట్టకు గొట్టం వేద్దామా?" సరే అని రాశాడు. ఆమె కాసేపు వేరే మాటలు మాట్లాడి, "గొట్టం వద్దులే, మానేద్దామా?" అంది. సరే అని రాశాడు.

అన్న ముందుకు వచ్చాడు. "మా తమ్మునికి మతి పోయిందా మేడం?"

"మతి పోలేదు. మిమ్మల్ని గుర్తుపడుతున్నాడు. ఇంటి తొవ్వ ఎరుకే, పనిల సంగతులు ఎరుకే. ఈ జబ్బు కొందరిల కండరాలతోపాటు మెదడు ముందు భాగాన్ని గూడ తాకుతది. అందరికీ గట్ల కాదు, అయినోళ్ళకు గూడ ఒక్క తీరుగ ఉండదు. సరే అనుడు అల్కగ అయ్యే పని. వద్దు అనాలంటే, అడిగినదాన్ని మనసుల పట్టుకోవాలె, రెండోదాంతోని తూచాలె, నోటిదాక వచ్చిన సరేను ఆపాలె. ఈయనకు ఆ ఆపుడు కష్టమైతున్నట్టుంది."

అప్పుడు భార్య ఒక్కసారిగా అందుకుంది. "గందుకేనా మేడం! ముందుగాల గూడ బావ ముంగట అన్నిటికీ ఊఁ అనేటోడు. కానీ ఇంటికొచ్చినంక నాతోని 'గది నాకు ఇష్టం లేదే' అనేటోడు. ఏడాది సంది నాతోని గూడ వద్దు అంటలేడు. మంచిగ మారిండు అనుకుని సంబరపడ్డ నేను."

బావగారి ముందు ఇంటి గుట్టు బయటపెట్టినందుకు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న ముఖం చూడాలి అప్పుడు! తమ్ముడికి ఇష్టం లేనివి కూడా ఉంటాయన్న సంగతి ఆయనకు ఆ గదిలోనే తెలిసింది. అయినా పెద్దరికం పెద్దరికమే. గొంతు సవరించుకుని, "అయితే ఇగ వాడు చెప్పలేడన్నట్టే కదా. ఇంటికి పెద్దోణ్ణి నేను, నేనే చెప్త" అన్నాడు.

"చెప్పలేడని నేనెక్కడన్న?" అంది డాక్టరమ్మ. "మనకు అడగొస్తలేదంటున్న. వచ్చేవారం దాక ఇక్కడే ఉంచి చూద్దాం. అప్పటికీ తేలకుంటే మీరూ మేమూ కూసొని తేల్చుకోవాల్సిందే."

ఆ ఆస్పత్రిలో మాట, మింగుడు చూసే థెరపిస్ట్ ఉంది. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాని అమ్మాయి, కానీ అంత ఓపిక ముసలమ్మలకు కూడా ఉండదు. బొమ్మల కార్డులు పట్టుకుని అతనితో కూర్చుంది. ఎడమవైపు గొట్టం ఉన్న బొమ్మ, కుడివైపు లేని బొమ్మ. అతను కుడిది చూపించాడు. కార్డులు అటుదిటు మార్చింది. మళ్ళీ కుడిదే. "కుడిచెయ్యి దగ్గరున్నది తీస్తున్నడు సార్, కావాలనుకున్నది కాదు" అంది దిగులుగా. మధ్యాహ్నానికి అతను అలసిపోయి తల వేలాడేశాడు.

మర్నాడు డ్యూటీలో ఏదో పర్మిట్ మీద సంతకం పెట్టడానికి కరెంటు ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. స్విచ్‌కు ఎర్ర తాళం వేలాడుతోంది. సంతకం సగంలో ఆగిపోయింది. ఆనాటి సూపర్‌వైజర్, "చాలూ కర్ దూఁ?", మా వాడి "ఊఁ", జేబు మీద అదిమిన చెయ్యి, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. నోరు సరే అంది. చెయ్యి తాళం తీయలేదు!

ప్యానెల్ ముందు నేను వేసిన కేకకు నలుగురు పరుగెత్తుకొచ్చారు. షాక్ కొట్టిందనుకున్నారు. అక్కడి నుంచే థెరపిస్ట్ అమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మా, మా దగ్గర వద్దు అనే మాట ఎర్రగ ఉంటది! ఆయన సర్వీసంత దాన్ని చేతితోనే చెప్పిండు!" ఆ అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఆమె కూడా అరిచింది.

డాక్టరమ్మ మాత్రం మా ఇద్దరి ఉత్సాహం మీదా నీళ్ళు చల్లింది. "అలవాటుకొద్దీ కనపడ్డదానికల్లా తాళం వేస్తే? అది నిర్ణయం ఎట్లయితది?" న్యాయమైన ప్రశ్న. దాంతో ముగ్గురం ఫోన్లోనే కూర్చుని పద్ధతి కట్టాం. అతనికి కచ్చితంగా ఇష్టమైనది ఒకటి, కచ్చితంగా ఇష్టం లేనిది ఒకటి ముందు అడగాలి. ఒక్కసారి ఒక్కటే అడగాలి. తిప్పి అడగాలి. ఇంకోరోజు ఇంకొకరు అడగాలి. పొద్దున అలసట లేనప్పుడే అడగాలి. ఇంటివాళ్ళు అతని వెనక కూర్చోవాలి, వాళ్ళ ముఖాలు చూసి జవాబు వెతుక్కోకుండా.

వర్క్‌షాపులో మూలన పడి ఉన్న పాత ప్యానెల్ తలుపు ఒకటి తీసి తుడిపించాను. దానికి స్విచ్ ఉంది, తాళం పట్టే కొక్కెం ఉంది. అతని తాళం ఇంకా తాళాల స్టాండ్‌కే వేలాడుతోంది, మీసం మెలేసిన ఫోటోతో సహా. అది జేబులో వేసుకున్నాను. మా గేటు దగ్గర సెక్యూరిటీవాడు, ఇన్నేళ్ళు నేనే నేర్పిన రూల్ నాకే చెప్పి, గేట్ పాస్ లేనిదే ప్యానెల్ బయటికి పోనీయనన్నాడు. ఆస్పత్రి గేటు దగ్గర ఇంకో సెక్యూరిటీవాడు లోపలికి పోనీయనన్నాడు. "కరెంటు పనికి వెనక గేటుకు పోవాలె" అన్నాడు. "పేషెంట్‌తో మాట్లాడనీకి వచ్చిన" అన్నాను ప్యానెల్ ఎత్తుకుని. వాడు నాకు పిచ్చి డాక్టర్ దగ్గరికి దారి చూపించాడు.

చివరికి ఆ గదిలో పడ్డాం. బల్ల మీద ప్యానెల్ నిలబెట్టాం. పక్కన పలక, తాళం. అతను తాళాన్ని చూడగానే చేతిలోకి తీసుకుని, బొటనవేలితో తన ఫోటో తుడిచాడు. థెరపిస్ట్ అమ్మాయి ఎదురుగా కూర్చుంది. మేమంతా వెనక.

"అన్నా, నేను స్విచ్ కింద ఒక బొమ్మ పెడుత. అది మమ్మల్ని చేయనీయొద్దనుకుంటే తాళం వేయండి. చేయనిస్తే వేయకండి."

మొదట అతని ఇంటి ఫోటో పెట్టింది. "రేపు ఇంటికి పోదామా?" పలక మీద సరే. తాళం చేతిలోనే ఉంది. వేయలేదు. బల్ల మీద పెట్టేశాడు.

రెండోది ఆ అమ్మాయి తానే గీసిన బొమ్మ. మీసం లేని మా ఎలక్ట్రీషియన్. "అన్నా, మీ మీసం నున్నగ తీసేద్దామా?"

సుద్దముక్క కదిలింది. సరే.

డాక్టరమ్మ కళ్ళు దించుకుంది. థెరపిస్ట్ అమ్మాయి మాత్రం కదల్లేదు, ఎదురుచూసింది. అతను సుద్దముక్క పక్కన పెట్టాడు. బొమ్మను చూశాడు. ఎంతసేపు చూశాడో! చెయ్యి బల్ల మీద పాకింది. తాళం అందుకుంది. కొక్కెంలో పెట్టింది. నొక్కడానికి వేళ్ళలో బలం చాలలేదు. ముందుకు వంగి, ఛాతీతో ఒత్తాడు. టక్!

"గదీ! గదీ మా ఇంటాయన!" అని భార్య లేచి నిలబడింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. నేను చప్పట్లు కొట్టాను. డాక్టరమ్మ కొట్టింది. అన్న కూడా రెండు చప్పట్లు కొట్టి, చుట్టూ చూసి ఆపేశాడు. ఏం గొడవో అని నర్సు తలుపు తీసి చూసింది. ఏడాదిగా తప్పిపోయిన మనిషి తిరిగి వచ్చినట్టే ఉంది మాకు. మా ఎలక్ట్రీషియన్ మాత్రం ఈ గోలంతా ఎందుకన్నట్టు చూసి, మీసం సవరించుకున్నాడు.

ఆ తర్వాత అసలు పని. అమ్మాయి నిజం గొట్టమే తెచ్చి అతని చేతికిచ్చింది. ఎక్కడ పెడతారో, ఏం మారుతుందో చిన్న చిన్న మాటల్లో చెప్పింది. గొట్టం వేద్దామా అంటే తాళం వేయలేదు. బొమ్మ మార్చి, గొట్టం లేకుండా ఇలాగే నోటితో తింటూ ఉందామా అంటే టక్‌మని వేశాడు. తిప్పి తిప్పి అడిగింది. అదే జవాబు. గొట్టం కావాలి.

భార్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నా చేత్తోని తినిపిద్దామనుకున్న. ఆ దగ్గు ఆయనది కదా, నాకేం తెలుస్తది" అంది.

మెడ మిషన్ గురించి డాక్టరమ్మే చెప్పింది. ఆమె ఏదీ దాచలేదు. అది పెడితే ఎక్కువకాలం బతకొచ్చంది. మిగతా కండరాలు పోవడం ఆగదంది. ఎప్పుడూ ఒక మనిషి పక్కనే ఉండాలంది. పెట్టకపోతే మాస్క్ ఉంటుంది, ఆయాసం తెలియకుండా మందులుంటాయి, కానీ రోజులు తగ్గుతాయంది. ఒక్కో మాటా చెప్పి ఆగింది, అతను తల ఊపాకే ఇంకోటి చెప్పింది. తర్వాత మెడ మిషన్ బొమ్మ పెట్టి, ఇది పెడదామా అని అడిగింది.

పలక మీద సరే. అప్పుడే అతనికి నవ్వు వచ్చింది. ఆపుకోలేని నవ్వు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ నవ్వులోనే తాళం వేసి, ఛాతీతో ఒత్తాడు.

అన్న లేచాడు. "నవ్వుతుండు మేడం! ఆట అనుకుంటుండు! గిది లెక్కల పెట్టకుండ్రి!"

"ఆ నవ్వు జబ్బుది, మనసుది కాదు" అంది డాక్టరమ్మ. "కానీ మీరన్నది గూడ నిజమే. ఒక్కసారి అడిగి తేల్చే మాట కాదిది. మళ్ళ అడుగుదాం."

ఆ వారంలోనే గొట్టం వేశారు. ఊపిరి నిలబడింది, పని సాఫీగా అయిపోయింది. భార్య పలచటి జావ, పప్పుకట్టు, డబ్బాపాల పొడి కలిపి గొట్టంలో పోయడం నేర్చుకుంది. నెల తిరిగేసరికి బుగ్గలు వచ్చాయి. మళ్ళీ ఆస్పత్రికి పోయినప్పుడు నేనూ ప్యానెల్‌తో హాజరు. ఈసారి గేటు దగ్గర సెక్యూరిటీవాడు సెల్యూట్ కొట్టాడు.

బొమ్మల వరస మార్చారు. నర్సుతో అడిగించారు. మెడ మిషన్‌కు తాళం పడింది, మాస్క్‌కు పడలేదు. నవ్వు రాలేదు. అప్పుడు అన్న, "నేనే అడుగుత" అని అతనికి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. థెరపిస్ట్ అమ్మాయి వద్దనబోతే డాక్టరమ్మ ఆపింది.

"తమ్మీ," అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. "నేను అడుగుతున్న. నీ అన్నను. భూమి అమ్మైనా చేయిస్త. నువ్వు ఉండాలె. నా కోసం పెట్టించుకోరా. పెట్టించుకుంటవా?"

మా ఎలక్ట్రీషియన్ అన్న ముఖంలోకి చూశాడు. సుద్దముక్క తీసుకుని సరే అని రాశాడు. అన్న ముఖం వెలిగింది. ఆ వెలుగు పూర్తిగా పరుచుకోకముందే తమ్ముడి చెయ్యి తాళం మీదికి పోయింది. కొక్కెంలో పెట్టి, ఛాతీతో ఒత్తి, తాళం పడ్డాక దాని మీద చెయ్యి అదిమి పెట్టుకుని, అన్ననే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి జబ్బు తెప్పించినవో, తనవో నాకు తెలియదు. అన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ మా ముందే అంతా ఫైల్లో రాసింది.

నా మనసు రెండుగా చీలిపోయింది ఆ రోజు. గెలిచామని కేక వేయాలని ఉంది. మనం గెలిచి తెలుసుకున్నది ఇదా అని ఏడవాలనీ ఉంది. ఆ తర్వాత చాలా రోజులు అన్న, "చేతి అలవాటుతోని చేసిన పనికి విలువేంది" అని ఊళ్ళో అందరితో అనేవాడని విన్నాను.

కొన్ని నెలలు బాగా గడిచాయి. నా రిటైర్మెంట్ సభకు మా ఎలక్ట్రీషియన్ చక్రాల కుర్చీలో వచ్చాడు, మీసానికి నూనె రాసుకుని. నా గురించి మేనేజర్ అబద్ధాలు చెప్తుంటే ఆపకుండా నవ్వాడు. అది జబ్బు నవ్వని నేను ఒప్పుకోను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందని, పటాన్‌చెరు రోడ్డు మీద దగ్గరలో ఉన్న ఆస్పత్రికి తెచ్చారని. నేను వెళ్ళేసరికి అతనికి ఊపిరి అందడం లేదు. అక్కడి డాక్టర్ కుర్రవాడు. ఈ కథంతా అతనికి తెలియదు. భార్య చెప్పబోయేలోపే, "టైం లేదు. గొంతులో పైపు వేసి మిషన్ పెడతాం, తర్వాత మెడకు చేసుకోవచ్చు. నిర్ణయం ఎవరిది? పెద్దవాళ్ళు ఎవరు?" అంటున్నాడు. ఆమె బావ వైపు చూసింది. నేనూ చూశాను. ఈయన ఏమంటాడో నాకు తెలుసనుకున్నాను. ఏం చెప్పి ఆపాలా అని మాటలు కూడదీసుకుంటూ ముందుకు అడుగేశాను.

అన్న నన్ను చేత్తో పక్కకు జరిపి మంచం దగ్గరికి వెళ్ళాడు. తమ్ముడి కాలు పట్టుకుని నిలబడ్డాడు.

"మాస్క్ పెట్టుండ్రి. ఆయాసం తెల్వకుంట మందు ఇయ్యుండ్రి. పైపు వద్దు, మెడ జోలికి పోకుండ్రి."

"పెద్దాయనా, ఆలోచించుకోండి. మీరు ఒప్పుకుంటే ఇంకొంతకాలం..."

"పుట్టినకాడికెల్లి నా మాటకు ఎదురు చెప్పనోడు సారూ మా తమ్ముడు. నాకు చెప్పింది ఒక్కటే ఒక్క వద్దు. గదాన్ని గూడ నేను గుంజుకుంటనా?"